కోడలు గడియ పెట్టిందంటే

నాకు గాలంటే భయం. దయ్యం గాలి కాదు, ఉత్త గాలి. ఆకులను కదిలించేది, ఆరేసిన చీరను పొంగించేది, అది రాగానే జనం మెడ మీది చెమట తుడుచుకుని "అబ్బ, పానం లేచొచ్చింది" అనేది. అదే గాలి నాకు తగిలితే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడతాయి. దగ్గర్లో ఏ తలుపు ఉంటే ఆ తలుపు వెనక్కి పోతాను. పరాయివాళ్ళ తలుపైనా సరే.

ఎప్పుడు మొదలైందో నాకు గుర్తు లేదు. మా అమ్మ చెప్పేది ఏమిటంటే, తెలకపల్లి దగ్గర మా ఊళ్ళో నాకు నాలుగేళ్ళప్పుడు గాలిదుమారం ఒకటి వచ్చి మా కొట్టం మీది రేకును లేపి పక్కింటి మిద్దె మీద పెట్టిందట. విసిరేయలేదు, చక్కగా పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రేకు కింద గుడ్ల మీద కూర్చున్న కోడి నెత్తిమీద ఆకాశం కనబడినా లేవలేదట, పొదుగుతూనే ఉందట. దాన్ని చూసి వాడంతా నవ్వింది. నేను మాత్రం గడ్డివాములో దూరి పొద్దు గూకే దాకా బయటికి రాలేదు. ఆ కోడికున్న ధైర్యం కూడా నాకు లేదని మా అమ్మ చాలా ఏళ్ళు చెప్పింది, అదీ చుట్టాల ముందు.

బడి పక్క ఊళ్ళో ఉండేది. నడుమ చెట్టూ చేమా లేని పెద్ద మిట్ట. గాలి వచ్చి నా గౌను అంచు పట్టుకుంటే నేను ఉన్నచోటే నేల మీద కూర్చునేదాన్ని. ఆగితే లేచి నాలుగడుగులు వేసేదాన్ని, మళ్ళీ కూర్చునేదాన్ని. అలా మిట్ట దాటేసరికి బడి విడిచిన పిల్లలు ఎదురుగా వస్తూ కనబడేవాళ్ళు. వాళ్ళతో కలిసి ఇంటికి తిరిగి వచ్చేదాన్ని. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పదిహేను రోజులు చూసి సారు మా తాత దగ్గరికి వచ్చాడు.

"పెద్దమనిషీ, నీ మన్మరాలు దినాం బడికి బయలెల్తదట గద. బడికైతే వస్తలేదు. నడుమ ఏమైతున్నదో నువ్వే జర చూస్కో."

తాత చూసుకున్నాడు. జొన్నలు పోసుకునే అర్రకు కిటికీ లేదు. అందులో చాప వేసి, దీపం పెట్టి, నాకు అక్షరాలు నేర్పాడు. పుస్తకాలు తక్కువ. ఎరువు సంచుల మీది రాతలు, పెళ్ళి పత్రికలు, పాత పంచాంగాలు చదివించాడు. నేను మొదటగా తప్పు లేకుండా రాసిన మాట 'యూరియా'. తర్వాత దేవుడి పద్యాలు నోటికి చెప్పాడు. "దీపం వంగిందంటే గాలొచ్చినట్టు, గప్పుడు సదువు ఆపుదాం" అనేవాడు. ఆ అర్రలో దీపం ఎన్నడూ వంగలేదు, కాబట్టి చదువూ ఆగలేదు. నాకు సర్టిఫికెట్టు ఒక్కటీ లేదు. కానీ నాలుగు మాటలు కాగితం మీద పెట్టగలుగుతున్నానంటే అది ఆ చీకటి అర్ర పుణ్యం, నన్ను అందులోకి తరిమిన గాలి పుణ్యం. రెండింటికీ దండం పెట్టుకుంటాను. గాలికి మాత్రం తలుపు ఇవతల నుంచి.

పెళ్ళి సంబంధం కోడేరు వైపు నుంచి వచ్చింది. తాత అబద్ధం ఆడే మనిషి కాదు. చూడవచ్చినవాళ్ళు చాయ్ గ్లాసులు కింద పెట్టకముందే చెప్పేశాడు.

"పిల్లకు గాలంటే భయం. ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు."

కాబోయే అత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏం గాలి? పట్టిచ్చుకునే గాలా?"

"కాదమ్మా, ఉత్త గాలే."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఉత్త గాలే అయితే ఏం గాదు తియ్. మా పిలగానికి బల్లంటే భయం. నేను చెప్పిననా? నువ్వు చెప్పినవ్, మంచోనివి."

బల్లికి భయపడే పెళ్ళికొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడే ఆయన మీద ఇష్టం కలిగింది.

పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను వనపర్తిలో ఒక డాక్టరుకు చూపించాడు. మే నెల. గదిలో పంకా గిరగిరా తిరుగుతోంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"లోపలికి రామ్మా. ఏమిటి కష్టం?"

"ఆ పంకానే సార్," అన్నాడు మా ఆయన.

డాక్టరు ఎంతో మంచివాడు. పంకా ఆపి, నన్ను కూర్చోబెట్టి, నాడి చూసి, నాలుక చూసి, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. ఆయన నుదుటి చెమట చీటీ మీద పడి, రాసిన మందు పేరు అలుక్కుపోయింది. మళ్ళీ రాశాడు. "గాలి నిన్ను ఏం చేస్తదమ్మా?" అని అడిగాడు. ఏం చేయదు సార్, ఏం చేయకుండానే భయం అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బలానికి మాత్రలు రాసి ఇచ్చాడు. మేము గడప దాటీ దాటకముందే పంకా మీట టక్కుమనడం వినబడింది. ఆ సారు చల్లగా ఉండాలని ఇప్పటికీ సాయంత్రం దీపం ముందు అనుకుంటాను.

మా ఆడబిడ్డ ఉండే గద్వాలకు పోవాలన్నా బస్సే, బండి మీద కాదు. కృష్ణ వంతెన వచ్చేలోపు నా ముందు వెనక కిటికీలు మూయించేదాన్ని. ఒకసారి వెనక సీటు ముసలమ్మ గొడవ పెట్టుకుంది.

"ఏందమ్మా, అద్దం మూస్తే నేను గంగమ్మకు పైస ఎట్ల ఏసేది?"

న్యాయమైన మాట. నది దాటుతూ బిళ్ళ వేసి మొక్కడం నాకూ ఇష్టమే. నా బిళ్ళ కూడా ఆమె చేతిలో పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని సీటు కిందికి వంగాను. ఆమె అద్దం తెరిచి రెండు బిళ్ళలూ వేసి, "ఏసిన, నీ పేరు గూడ చెప్పిన, ఇగ లే" అంది. నా పేరు ఆమెకు తెలియదు. అయినా గంగమ్మకు చేరే ఉంటుంది.

ఇప్పుడు మా అత్తగారి ఊరి సంగతి. ఇల్లు ఊరి చివర. వెనక వసారాలో కూర్చుంటే ఎదురుగా పెద్ద పరుపుబండ కనబడుతుంది. చిన్న రైతులందరికీ అదే కల్లం. ఇంటి తిండికని అరెకరంలో వేసుకునే జొన్నను అక్కడ ట్రాక్టరుతో తొక్కించి, గాలికి తూర్పారపట్టుకుంటారు. మిషన్ల వాళ్ళు అంత చిన్న రాశికి రారు. ఒకరు ముక్కాలిపీట ఎక్కి, పొట్టుతో కలిసిన గింజను చాటలో తల మీదికెత్తి మెల్లగా జారవిడుస్తారు. గింజ నిలువుగా కింద పడుతుంది, పొట్టు గాలితో పోతుంది. గాలి లేకపోతే రెండూ ఒకచోటే పడతాయి. అందుకని గాలి కోసం బండ మీద కూర్చుని గంటలకు గంటలు ఎదురుచూస్తారు.

వాళ్ళు అక్కడ గాలి రావాలని మొక్కుతుంటే, నేను ఇంట్లో రావద్దని మొక్కేదాన్ని. మా ఇంట్లో ఉన్నది ఆంజనేయస్వామి పటం. ఆయన వాయుదేవుడి కొడుకు. కొడుకు ముందు దీపం పెట్టి, మీ నాయనను ఇటు రానీయకు స్వామీ అని అడగడం ఎంతవరకు మర్యాదో నాకు తెలియదు. స్వామి ఎన్నడూ కోప్పడలేదు.

పెళ్ళయిన మూడో ఏడు కల్లాలప్పుడు అత్తమ్మ ఒకటి కనిపెట్టింది. నేను వసారాలో చింతపండు గింజ తీస్తూ కూర్చుంటే, గాలి రావడానికి కాస్త ముందే నాకు మెడ వెనక తెలుస్తుంది. అప్పటికి ఆకు కూడా కదలదు. చేతిలో పని అక్కడే వదిలి, లోపలికి పోయి గడియ పెడతాను. తమలపాకు నమిలి ఉమ్మేంత సేపట్లో బండ మీద గాలి ఉంటుంది. ఇది నాలుగైదుసార్లు చూసి, ఆమె కల్లం మధ్యలో నిలబడి కేకేసింది.

"లేవుండ్రి, లేవుండ్రి! మా కోడలు గడియ పెట్టింది. చాటలందుకోండ్రి!"

ఆ రోజు మొదలు బండ మీద ఉన్నవాళ్ళ చూపంతా మా వసారా మీదే. దూరంగా కల్లం పెట్టుకున్నవాళ్ళు అత్తమ్మకు ఫోన్ చేసేవాళ్ళు. "అక్కా, మీ కోడలు లోపలున్నదా, బయటున్నదా?" "బయటనే ఉన్నది, జరసేపు పండుకో పో." మా మరిది ఫోన్లో వాతావరణం చూసి, "అమ్మా, మూడు గంటలకు గాలున్నదట" అంటే, "నీ ఫోను జేబుల పెట్టు. మీ వదినను చూడు" అనేది.

మొదట సిగ్గుపడ్డాను. తర్వాత అలవాటైంది. ఇంకో ఇంట్లో అయితే తాయెత్తులు కట్టించేవాళ్ళు, లేదా నవ్వి నలుగురిలో చులకన చేసేవాళ్ళు. నా భయాన్ని పనికి పెట్టుకున్న ఇల్లు నాకు దొరికింది. అదేమన్నా చిన్న సంగతా?

రెండేళ్ళ కిందట చలికాలంలో అత్తమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. మా ఇంట్లో చాట పట్టేది ఆమె ఒక్కతే. మా ఆయన పడితే గింజ కూడా పొట్టుతో పాటే వెళ్ళిపోతుంది. మరిది పడితే రెండూ తన కాళ్ళ మీదే పడతాయి. ఇక మిగిలింది నేను. నన్ను ఎవరూ అడగలేదు. మార్చిలో జొన్న కల్లానికి వస్తే చాట ఎవరు పడతారని వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకుంటూ, నేను నీళ్ళు తెచ్చేసరికి మాట మార్చేవాళ్ళు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆంజనేయుడి గుడికి పోయి మొక్కుకున్నాను. పదకొండు మంగళవారాలు, వారానికి పదకొండు ప్రదక్షిణలు. నా భయం తీసేయి స్వామీ, ఈసారి కల్లంలో చాట నేను పడతాను. మొక్కు తీరే దాకా బయట పెట్టకూడదని తాత చెప్పేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది వారాలు పూర్తయ్యేసరికి జొన్న బండ మీదికి వచ్చింది. రాశి పోసి మూడు రోజులైనా గాలి లేదు. నాలుగో రోజు సాయంత్రానికి రాళ్ళవాన అని మరిది ఫోను చెప్పింది. దాన్ని నమ్మని అత్తమ్మ కూడా పడమటి దిక్కు చూసి నోరు మూసుకుంది. తడిస్తే జొన్న నల్లబడుతుంది, మొలకెత్తుతుంది. ఏడాది రొట్టె అక్కడే పోతుంది.

ఆ మధ్యాహ్నం వసారాలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. వాళ్ళు ముగ్గురూ బండ మీద. మెడ వెనక తెలిసింది. చింతపండు కింద పెట్టాను. లేవబోయాను. అప్పుడు మొక్కు గుర్తొచ్చింది. ఎనిమిది వారాల ప్రదక్షిణలు ఊరికే పోతాయా అనుకుని, వసారా గుంజను రెండు చేతులా కౌగిలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. గాలి వచ్చింది. నా కొంగు ఎగిరింది, దండెం మీది బట్టలు టపటపా కొట్టుకున్నాయి. నేను పద్యం మీద పద్యం చదువుతూ కూర్చున్నాను. లేవలేదు. కుండెడు అన్నం ఉడికేంత సేపు వీచింది. ఒక్కసారి కూడా లేవలేదు. సంతోషంతో కళ్ళ నీళ్ళు కారాయి.

ఆ సేపట్లో బండ మీద ఏం జరిగిందో తర్వాత మరిది చెప్పాడు. మా ఆయన తువ్వాల ఎగిరిపోయి కంపచెట్టుకు చిక్కుకుందట. అత్తమ్మ కొప్పు ఊడిపోయిందట.

"అమ్మా, గాలొస్తున్నది," అన్నాడట మరిది.

"యాడ?"

"యాడేంది, నీ ఎంటికలు చూడు!"

"మీ వదిన యాడున్నది?"

"వసారలనే ఉన్నది. కదుల్తలేదు."

"అయితే ఇది నిలిచే గాలి గాదు. గిప్పుడు పీటెక్కితే సగంల ఆగిపోతది. కూసో."

పక్క కల్లాల వాళ్ళు ఒకరిద్దరు లేచి చాటలు అందుకుని, మా వసారా వైపు చూసి, మళ్ళీ కూర్చున్నారట. అలా బండ మీది జనమంతా, మూడు రోజులుగా ఎదురుచూసిన గాలి మొహాలకు కొడుతుంటే, నన్ను చూస్తూ కూర్చున్నారు. గాలి ఆగిపోయింది.

నేను కళ్ళు తెరిచి, చెప్పులు కూడా లేకుండా బండ మీదికి పరుగెత్తాను.

"అత్తమ్మా! గాలొచ్చింది, నేను లేవలేదు! చూసినవా?"

అత్తమ్మ మొహాన పడ్డ వెంట్రుకలను ఎడమ చేత్తో పక్కకు తోసుకుంది.

"గది గాలేనా?"

"గాలే అత్తమ్మా. మస్తు మంచి గాలి."

"మరి లోపలికెందుకు పోలేదే?"

"మొక్కుకున్న."

"ఏమని?"

"భయం పోవాలని."

"ఎవరినడిగి మొక్కుకున్నవే?" అని అత్తమ్మ అరిచిన అరుపు ఊళ్ళోకి వినబడి ఉంటుంది. ఆమె మాటలో తప్పు లేదు. ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. బండ మీద ఉన్న ఇంతమంది దాన్ని నమ్ముకుని ఉన్నారని ఆలోచించలేదు.

పడమర నల్లగా అయింది. ఉరిమింది. అందరూ పట్టాలు కప్పుకోవడానికి ఉరుకుతున్నారు. మా రాశి పొట్టుతో కలిసి వెడల్పుగా ఉంది, పట్టా సరిపోదు. పైన కప్పినా బండ మీద పారే నీళ్ళు కిందినుంచి తడుపుతాయి. గింజ వేరు చేస్తేనే సంచుల్లోకి ఎత్తి ఇంటికి మోయగలం. అంతలో నా మెడ వెనక మళ్ళీ తెలిసింది. ఇంతకు ముందు ఎన్నడూ అంత గట్టిగా తెలియలేదు. వానకు ముందు వచ్చే గాలి అది.

మా ఆయన గబగబా పీట ఎక్కి చాట ఎత్తాడు. గింజా పొట్టూ కలిసి కంపచెట్టు దాకా వెళ్ళాయి.

"నా జొన్న! నా జొన్న కంపల పోస్తున్నడు వీడు!" అంటూ అత్తమ్మ కుడి చెయ్యి ఎత్తబోయి, నొప్పికి నేల మీద కూలబడింది.

"జర దిగుండ్రి," అన్నాను మా ఆయనతో.

"నువ్వా?"

"దిగుండ్రి, మళ్ళ నా కాళ్ళు ఇంటి దిక్కు పోతయి."

ఆయన దిగాడు. నేను ఎక్కాను. ధైర్యంగా నిలబడ్డానని రాయాలని ఉంది. నిలబడ్డ మాట నిజం. ధైర్యం సంగతి ఆ రోజు బండ మీద ఉన్నవాళ్ళను అడగాలి. గాలి తగిలిన ప్రతిసారీ అరిచాను. స్వామిని పిలిచాను, తాతను పిలిచాను, చనిపోయిన మా అమ్మను పిలిచాను. చెయ్యి మాత్రం ఆపలేదు.

ఒక్క సంగతి మాత్రం నా చేతికి దానంతట అదే తెలిసింది. గట్టి గాలికి చాట తల మీద ఉండకూడదు, కిందికి రావాలి. లేకపోతే గింజ కూడా ఎగిరిపోతుంది. అంత గట్టి ఊపు వచ్చే ముందు నాకు మెడ వెనక తెలుస్తుంది కదా. తెలియగానే అరిచి, చాటను మోకాళ్ళ దాకా దించేదాన్ని. గాలి తగ్గగానే మళ్ళీ ఎత్తేదాన్ని. గింజ చక్కగా కాళ్ళ ముందు పడుతోంది. అది మొదట చూసింది అత్తమ్మే.

"అట్లనే, అట్లనే! అరువు బిడ్డా, ఎంతన్న అరువు! చెయ్యి ఆపకు!"

మా ఆయన చాటలు నింపి అందించాడు, మరిది సంచులకెత్తాడు, అత్తమ్మ కూర్చునే ఎడమ చేత్తో రాశి మీది పొట్టు ఊడ్చింది. మొదటి చినుకులు పడేసరికి నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు సంచుల్లో ఉంది. మిగిలింది తడిసి పశువులకు పోయింది. పక్క కల్లాల వాళ్ళలో కొందరిది అంత కూడా మిగలలేదు. తర్వాత మూడు మంగళవారాలు వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి గుడికి పోతుంటే తల ఎత్తలేకపోయాను. ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ళకూ రుణపడి ఉన్నాను.

వాన కురుస్తుండగా అర్రలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. గొంతు పోయింది. అత్తమ్మ వేడి చాయ్ చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

"మొక్కు ఎన్ని వారాలు?"

"పదకొండు."

"ఎన్నైనయి?"

"ఎనిమిది."

"చాలు, ఇగ ఆపు," అంది. "గా మూడు గూడ తిరిగినవనుకో, నీ భయం మొత్తం పోతది. గాలొచ్చేది ఎవరు చెప్తరు మనకు? వీని ఫోనా?"

"నడుమల మొక్కు ఆపుతే తప్పు అత్తమ్మా."

ఆమె చాయ్ గ్లాసును నా నోటి దాకా జరిపింది. "అయితే ఇంకేమన్న అడుగు. ఉన్న భయాన్ని ఉండనీ. పీట ఎక్కేంత పోయింది, గడియ పెట్టేంత మిగిలింది. గంతే మనకు కావాల్సింది."

మిగిలిన మూడు మంగళవారాలు ఆమె భుజం కోసం తిరిగాను. స్వామి దయ. ఇప్పుడు ఆ చెయ్యి చెవి దాకా లేస్తుంది, అంతకు పైకి లేవదు. చాట పట్టడానికి అది చాలదు కాబట్టి పీట మీద ఉండేది నేనే. నేను అరవడం మొదలుపెట్టగానే చెవి మూసుకోవడానికి సరిగ్గా సరిపోతుందని అత్తమ్మ అంటుంది.